వరాహ ఒడ్డున నేను చేసిన శుభ్రం

మహాలయ అమావాస్య నాడు మా తమ్ముడు శ్రీను నా గులాబీరంగు నేతచీర కట్టుకుని, కారు నడుపుకుంటూ నర్సీపట్నం తిరిగొచ్చాడు. నవ్వకండి! నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. తప్పంతా నాదే అంటున్నారు ఇంట్లో. నేను మాత్రం సగమే ఒప్పుకుంటాను.

ఏం జరిగిందో మీరే వినండి. ఏటా ఆ రోజు శ్రీను ఏటికొప్పాక వెళ్లి, వరాహ నది రేవులో నాన్నగారికీ పెద్దలకీ తర్పణం వదులుతాడు. వెంట నేనూ వెళ్తాను. ఎందుకంటే పంతులుగారు "ముత్తాతగారి పేరు?" అనగానే వాడు నా మొహం చూస్తాడు. మా ఇంట్లో పేర్లూ తిథులూ నా దగ్గరే ఉంటాయి మరి. మా నాన్నమ్మ ఈ రేవులోనే ఇసకలో చెలమ తోడి, ఆ నీళ్లతోనే దేవుడికి నైవేద్యం వండేదని గుర్తుపెట్టుకున్నదీ నేనే. గుర్తుండి ఏం లాభం? ఇప్పుడు ఆ రేవు చూస్తే నాన్నమ్మ ఏడుస్తుంది.

మెట్ల నిండా పాలిథిన్ కవర్లు. ఎండిన దండలు, విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, అద్దం పగిలిన దేవుడి పటాలు! నిన్నటిదాకా ఆ పటాలకి దణ్ణం పెట్టింది వీళ్లేనా? నా కళ్లముందే ఒకావిడ వాడిన పూలన్నీ కవర్లో వేసి, మూతి కట్టి, నీళ్లలోకి విసిరింది. కళ్లకద్దుకుని మరీ!

"అమ్మా, కవరుతో సహా వేసేశారేంటండీ?" అన్నాను.

"ఏటవుతాదమ్మా? వానొస్తే కొట్టుకుపోతాది," అంది.

కొట్టుకుపోయి ఎక్కడికి పోతుందట? కింద ఊళ్లో ఎవరి బిందెలోకో, ఏ గేదె కడుపులోకో! ఇంత మాటా మనసులోనే అనుకున్నాను. గట్టిగా అరవడం నాకు చేతకాదు. కోపమొస్తే నా గొంతు ఇంకా సన్నబడిపోతుంది. ఆ కోపమంతా చేతుల్లోకి దిగుతుంది. ఇంట్లో అయితే గిన్నెలు అరిగిపోయేలా తోముతాను.

శ్రీను స్నానానికి దిగాడు. నేనూ దిగుదామనే వచ్చాను గానీ, ఆ నీళ్లు చూసి ఆగిపోయాను. గట్టు మీద ఖాళీ బియ్యం బస్తా ఒకటి కనబడింది. అంతే! కొంగు బిగించాను. "కేశవాయ నమః" అని ఒక కవరు బస్తాలోకి. "నారాయణాయ నమః" అని ఇంకోటి. జోరు ఎంతగా పెరిగిందంటే, మెట్ల మీద మూతి కట్టిన కవరు ఏది కనబడినా వదల్లేదు.

అదే సమయానికి చెత్త ట్రాక్టరు వచ్చింది. దేవుడే పంపాడనుకున్నాను. బస్తా నేనే ఈడ్చుకెళ్లి ఎక్కించాను. "మీలాంటోళ్లుంటే ఊరు బాగుపడతాదమ్మా," అన్నాడు డ్రైవరు. నేను పొంగిపోయి, ఆ ట్రాక్టరు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

వెనక నుంచి కేక. "అక్కా! నా కవరేదీ?"

"ఏ కవర్రా?"

"నల్ల కవరు! ఈ మెట్టు మీదే పెట్టాను. మడి పంచె, ప్యాంటు, షర్టు, అన్నీ అందులోనే ఉన్నాయి!"

ట్రాక్టరు వెళ్లిన దారి వైపు వేలు చూపించాను.

"చెత్తలో పడేశావా!"

"చెత్తలాగే ఉందిరా మరి! పొద్దున్నే గుడ్డసంచి ఇస్తే వద్దన్నావు కదా?"

"ఏటక్కా, టవల్ కట్టుకుని నించున్నోడికి క్లాసు పీకుతున్నావా!"

పంతులుగారికి తొందర. "బేగి కానివ్వండమ్మా, వెనక చాలామంది ఉన్నారు. తడిబట్టతో గట్టు మీద చెయ్యకూడదు. పొడిబట్ట లేకపోతే, నడుం లోతు నీళ్లలో నిలబడి వదలమనండి."

"మళ్లీ ఆ నీళ్లలోకా? నా వల్ల కాదండీ! ఇందాక మునిగి లేస్తే నెత్తి మీద పిల్లల డైపరు ఉంది!"

పెద్దలకి నీళ్లు వదిలే చోట డైపరు! ఎవరిని తిట్టాలో తెలియక నాకు ఏడుపొచ్చింది. నాన్నగారు పోయాక ఒక్క ఏడాది కూడా ఇది తప్పలేదు. ఈ ఏడు నా చేతుల మీదుగానే తప్పిపోతుందా?

నా గుడ్డసంచిలో ఉతికి ఆరేసిన మడిచీర ఉంది. స్నానం చేశాక కట్టుకుందామని తెచ్చుకున్నది. భయపడుతూనే తీసి పంతులుగారికి చూపించాను. ఆయన చీర వైపు చూశారు, శ్రీను వైపు చూశారు.

"పొడిగా ఉందిగా? నాకేం అభ్యంతరం లేదమ్మా," అన్నారు.

"నాకుంది!" అన్నాడు శ్రీను.

అయినా కట్టాం. గోచీ పోసి, మిగిలింది భుజం మీద ఉత్తరీయంలా వేశాం. పూలబుటాల జరీ అంచు ఎండలో తళతళలాడింది. ఇందాకటి ఆవిడ దగ్గరికొచ్చి, "ఏటమ్మా, ఏదైనా మొక్కా?" అని ముక్కున వేలేసుకుంది. ఏట్లో కవరు విసిరినప్పుడు రాని సిగ్గు, మా తమ్ముణ్ణి చూస్తే వచ్చిందావిడకి!

తర్పణం మాత్రం లోటు లేకుండా జరిగింది. పేర్లన్నీ నేనే అందించాను. పైనుంచి చూసిన నాన్నగారు "ఈ గులాబీచీర పిల్ల ఎవరమ్మా?" అని నాన్నమ్మని అడిగే ఉంటారు.

కారు తాళం నా దగ్గరుండబట్టి సరిపోయింది. ఎక్కేముందు ఒకసారి రేవు వైపు చూశాను. నేను ఏరిన మెట్ల మీద అప్పుడే మళ్లీ కవర్లు! అంత కష్టపడితే, ఆ రోజు వరాహ ఒడ్డు నుంచి శాశ్వతంగా పోయినవి మా తమ్ముడి బట్టలొక్కటే!