చాచా పట్టుకున్న తప్పు

చాచా పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "భయ్యా, అబ్బా ఇగ లేడు. దవాఖానకు తీస్కపోయే లోపల్నే అయిపోయింది" అంది. శంషాబాద్ రోడ్డు పక్కన బండి ఆపేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఎయిర్‌పోర్టు సరుకుల గోదాంలో క్లర్కు. పాత ఎయిర్‌పోర్టులో ఏళ్ల తరబడి కాగితాలు చేత్తో రాసి, కొత్తది తెరిచాక ఇటు వచ్చి, యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. కొత్తగా చేరేవాళ్ల కోసం ఆ గోదాం సాఫ్ట్‌వేర్‌ను నేను ఆన్‌లైన్ పాఠంగా తయారు చేసేవాణ్ని. తెరలను ఒక్కొక్కటే ఫొటో తీసి, నొక్కాల్సిన చోట నొక్కితే మార్కు పడి తర్వాతి తెర వచ్చేలా అల్లేవాణ్ని. అచ్చం అసలు దానిలాగే ఉండేది. ఈ పని నాకు ఏ కాలేజీ నేర్పలేదు, ఆరాంఘర్ నెట్ సెంటర్‌లో కూర్చుని నేర్చుకున్నాను. అందుకే పొగరు. ఎవరైనా వంక పెడితే మీదికి పోయేవాణ్ని.

పాఠం సరిగ్గా ఉందో లేదో చూడటం చాచా వంతు. మౌస్‌ను వేడి చాయ్ గ్లాసులా వేళ్ల కొసలతో పట్టుకునేవాడు. ప్రతి తెరనూ పైనుంచి కిందిదాకా చదివేవాడు. "ముందుగాల చదువు బేటా. నొక్కుడేముంది, ఎప్పుడన్న నొక్కొచ్చు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

మహేశ్వరం, రావిర్యాల వైపు నుంచి ఆరుగురు ఆడపిల్లలు గోదాం ఉద్యోగానికి వచ్చారు. నా పాఠంలో అందరికీ నూటికి నూరు. అసలు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెడితే ఒక్కరికీ ఏమీ తోచలేదు. "పల్లెటూరి వాళ్లకు ఇది ఎక్కదు, పంపించేద్దాం" అన్నాడు మేనేజరు. నేనూ తలూపాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చాచా నన్ను పక్కకు పిలిచాడు. "జర ఇటు చూడు" అని మౌస్‌ను తెరమీద ఊరికే తిప్పాడు. సరైన చోటికి రాగానే బాణం కాస్తా చెయ్యి బొమ్మగా మారింది. నొక్కాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ చెయ్యి వచ్చింది, నొక్కాడు. ఒక్క అక్షరం చదవకుండా నా పాఠంలో నూరు తెచ్చుకున్నాడు.

"పిల్లలు చెయ్యి ఏడ కనబడితే ఆడ నొక్కిన్రు. అసల్ దాంట్ల చెయ్యి రాదాయె. వాళ్లేం జేస్తరు?"

"గట్ల చేస్తరని నాకేం తెలుసు చాచా?"

"తెల్వదు. ఇప్పుడు తెలిసింది గద. మేనేజర్‌కు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

డిగ్రీ లేనివాడు తప్పు ఒప్పుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. "నా నౌకరీ పోతది" అన్నాను.

"పోతే ఒకటి పోతది. చెప్పకుంటే ఆరు పోతయి." కోపం లేదు ఆ గొంతులో. గోదాంలో పెట్టెలు ఎంచినట్టే అన్నాడు.

వెళ్లి చెప్పాను. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టి, పాఠం సరిచేసి పిల్లలకు మళ్లీ పరీక్ష పెట్టడానికి వారం గడువిచ్చాడు. ఆ వారమంతా చాచా డ్యూటీ దిగి నా పక్కన కూర్చున్నాడు. చెయ్యి బొమ్మ తీసేశాం. తప్పుగా నొక్కితే అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కడికి తీసుకుపోతుందో ఆయనకు కంఠతా; ఆ తెరలూ పాఠంలో చేర్చాం. "ఎట్ల తెలుసు చాచా?" అంటే, "ఆ తప్పులన్నీ చేసి చేసే ముసలోన్నైన" అని నవ్వాడు.

ఆరుగురి ఉద్యోగాలూ నిలిచాయి. నాదీ నిలిచింది.

చాచా అంటే నాకు ఆ రెండో పరీక్షే గుర్తొస్తుంది. చివరి అమ్మాయి అసలు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంది. మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర పైనుంచి మెల్లగా చదవడం మొదలుపెట్టింది. వెనక గోడకు ఆనుకుని చాచా. ఆమె పెదవులతో పాటు ఆయన పెదవులూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి.