అడక్కుండా పెట్టిన ఫోటో

ఎన్నికలంటే నాకు మొదటినుంచీ పిచ్చి. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఓటు లేని వీసా బతుకు బతుకుతూ, మా ఊళ్లో ఏ బూత్‌లో ఎవరికి మెజారిటీ వస్తుందో శనివారం పార్టీల్లో గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. ఒకసారి కేవలం ఓటు వేయడానికే ఇండియా వెళ్లొచ్చాను. సిరా చుక్క పెట్టిన వేలు పైకెత్తి ఫోటో దిగి, ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెడితే చప్పట్లే చప్పట్లు. నెలరోజులు మురిసిపోయాను. ఆ మురిపెం తర్వాత ఇంకొకరి కొంప ముంచింది.

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒక టెస్టర్ ఉండేవాడు. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నాలాగే హెచ్-1బి వీసా. అతని దేశం పేరు రాయను. అక్కడ సైన్యం గద్దెనెక్కి కూర్చుంది, కాలేజీ పిల్లలు తుపాకులు పట్టి కొండలెక్కారు, విమానాలు సొంత ఊళ్ల మీదే బాంబులు వేస్తున్నాయి. అమ్మానాన్న పోయాక అతన్ని పెంచిన అక్క, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ప్రాంతంలో చిన్న బడి నడుపుతోంది. వారానికొకసారి సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి తమ్ముడికి ఫోన్ చేసేది. ఆ ఫోన్ వస్తే అతను మీటింగ్ మధ్యలోంచి కూడా లేచిపోయేవాడు. లోకంలో అతనికున్న మనిషి ఆవిడ ఒక్కతే.

అలాంటి దేశంలో సైన్యం పార్లమెంటు ఎన్నికలు పెట్టింది. విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం డాలస్‌లో ఒకరోజు పోలింగ్ జరుపుతున్నామని అతనికి ఈమెయిల్ వచ్చింది. లంచ్‌లో నాకు చూపించాడు.

"నేను వెళ్లను. అక్క వాళ్లంతా ఈ ఎన్నికల్ని బహిష్కరించారు" అన్నాడు.

"నీ పాస్‌పోర్ట్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది?" అన్నాను.

మూడు నెలల్లో. ఓటు వేయనివాళ్లకి రెన్యూవల్ ఆపేస్తారని అతని దేశస్థుల్లో ఒక పుకారు తిరుగుతోంది. నా వీసా బుర్రకి అది చాలు. వీసా పిటిషన్ ఆగుతుందంటే మేం ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెట్టేస్తాం, చదవం కూడా. "వెళ్లి వేసేయ్. నువ్వు వేయకపోతే నీ ఓటు ఇంకెవడో వేసేస్తాడు. ఎవరూ నచ్చకపోతే ఖాళీ కాగితం పెట్టెలో పడేసి రా. వీసా స్టేటస్ పోతే రేపు అక్కకి ఏం సాయం చేస్తావు?" అని ఊదరగొట్టాను. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తానన్నాను. మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా, ఇచ్చింది మాత్రం అచ్చమైన తెలుగు సలహా.

పోలింగ్ ఒక అద్దె హాల్లో. నేను కార్‌లో కూర్చున్నాను. అతను పావుగంటలో తిరిగొచ్చాడు. అతని సొంత నియోజకవర్గంలో అసలు ఎన్నికే లేదట. యుద్ధం నడుస్తున్న చోట్ల పోలింగ్ పెట్టలేదు. అధికారి మర్యాదగా వేరే పార్టీల జాబితా చేతిలో పెట్టి, ఇందులో ఒకదానికి వేయమన్నాడట. అందులోని పార్టీలన్నీ సైన్యం నీడన పుట్టినవే.

"ఖాళీగా వేశావా?"

"ఆయన పక్కనే నిలబడ్డాడు" అన్నాడు.

అప్పుడైనా నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. అన్ని గంటలు డ్రైవ్ చేసిన ఘనుణ్ణి కదా! "వేలు పైకెత్తు" అన్నాను. ఎత్తాడు. నవ్వమంటే నవ్వాడు. ఫోటో తీసి, కింద "యుద్ధంలోనూ ఓటే గెలిచింది" అని రాసి మా గ్రూప్‌లో పెట్టేశాను. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఆ ఫోటోనే చూస్తోంది.

"ఆయన్ని అడిగే పోస్ట్ చేశారా?"

"అడిగేదేముందే? నవ్వుతూనే ఉన్నాడుగా!"

"మీకది నవ్వులా కనిపిస్తోందా? తీసేయండి."

తీయలేదు. లైకులు వస్తున్నాయి మరి.

మా గ్రూప్‌లోంచి ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేశారో ఈనాటికీ తెలీదు. నాలుగు రోజుల్లో ఆ ఫోటో సైన్యాన్ని భుజాన మోసే ఫేస్‌బుక్ పేజీ ఒకదానిలో తేలింది. విదేశాల్లోని బిడ్డలు ఉత్సాహంగా ఓటేశారని అతని భాషలో రాశారట. ఆ సంగతి అతను చెబితేనే నాకు తెలిసింది. గ్రూప్‌లో డిలీట్ చేశాను, పేజీ మీద రిపోర్ట్ కొట్టాను, ఒరిగిందేమీ లేదు.

ఆ వారం అక్క దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. పై వారమూ రాలేదు. బడి మీద బాంబు పడిందేమోనని అతను సగం తిండి మానేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను కాస్త తేలికపడేవాణ్ణి, నాకా అవకాశం ఇవ్వలేదు. ఈలోగా అక్కడ కొత్త పార్లమెంటు కొలువుతీరింది. అతని పాస్‌పోర్ట్ కూడా వచ్చేసింది. ఓటు వేయనివాళ్లకీ అదే వారంలో వచ్చింది.

మూడో వారం అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. బ్రేక్‌రూమ్‌లో అతను నా ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

"నా బడిలో ఇద్దరు పిల్లల తండ్రులు ఎన్నికల వారంలోనే బాంబులకి పోయారు. ఆ పిల్లల తల్లులు నీ ఫోటో తెచ్చి నాకు చూపించారు. నాకు తమ్ముడు లేడని చెప్పాను. ఇక ఫోన్ చేయను."

"అలా చెప్పకపోతే అక్కని అక్కడ ఉండనివ్వరు. సరిగ్గానే చెప్పింది" అన్నాడు.

నేను సారీ అన్నాను. అతను తన కప్పు కడుక్కుని, రోజువారీ స్టాండప్ మీటింగ్‌కి టైమ్ అయిందని నాకు గుర్తుచేసి, వెళ్లిపోయాడు.