ఇంజను ఏమంటోంది

మా ఆయనకి పెళ్ళినాటికే రెండు చెవులూ పోయాయి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, అందులోనూ బాయిలర్ షాపులో పనిచేసేవాళ్ళకి అది మామూలే. రోజంతా ఇనప రేకుల మీద రివిట్లు కొడుతుంటే చెవులు ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి? అక్కడ అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకునేవారు. కాపరానికి వచ్చిన ఏడాదికి ఆ భాష నాకూ వచ్చేసింది. అన్నం అయింది, ఉప్పు అయిపోయింది, మీ అన్న వచ్చాడు, అన్నీ చేతులతోనే. ఆయన మాత్రం వీధంతా వినబడేలా నోటితో జవాబిచ్చేవాడు. నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు.

ఓ ఆదివారం గోల్ బజార్ తుక్కు కొట్టు నుంచి రిక్షాలో ఇంజనొకటి తెచ్చాడు. ఎవరో దొర వదిలేసి పోయిన పాత కారుది. సగం ముక్కలు గోనెసంచిలోనే ఉన్నాయి. కారేదీ అని చేత్తో అడిగాను.

"కారెందుకే? కారుకి పేణం ఇదే గదా!" అన్నాడు.

పూరీ గేటు దగ్గర మా క్వార్టరు వరండాలో పట్టాల కింద వేసే స్లీపరు దుంగలు పరిచి, దాన్ని కొత్తల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. నేను పప్పు కడిగే బేసిన్లో కిరసనాయిలు పోసి వాల్వులు కడిగాడు. కొత్త బేసిన్ తెచ్చేదాకా నేను ఊరుకోలేదు, అది వేరే సంగతి. చలికాలమంతా డ్యూటీ దిగడం, దాని ముందు చతికిలబడటం. చెవులు బాగున్న రోజుల్లో చప్పుడు విని ఇంజను రోగం చెప్పేవాడట. ఇప్పుడు తన చేతులతో కట్టింది సరిగ్గా నడుస్తోందో లేదో తనకే తెలియకపోతే ఎలాగన్నదే ఆయన దిగులు. పైకి అనలేదు గానీ నాకు తెలుస్తూనే ఉండేది. జాలేసేది.

ఆఖరికి ఓ సాయంత్రం హ్యాండిల్ తిప్పాడు. నాలుగో తిప్పుకి ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. పక్కింటి బెంగాలీ ఆయన పరుగెత్తుకొచ్చి, "భాలో, దాదా, ఖూబ్ భాలో!" అని మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టాడు. మా ఆయన ఆ చప్పట్లు నమ్మలేదు. నావైపు తిరిగాడు.

"ఏటంతంది? నిజం సెప్పు."

ఇంజను మాటలు నాకేం తెలుసు? నాకు తెలిసింది వంటిల్లు. ఎసరు మరిగేటప్పుడు గిన్నె మీద మూత టకటకలాడుతుందే, అలా ఓ చప్పుడు వస్తోందని చేతులతో చూపించాను. ఎటువైపని అడిగితే వెనకవైపు వేలు పెట్టాను.

"వాల్వు మీద టాపెట్టు వదులైపోనాది," అన్నాడు. ఆపి, స్పానరుతో సరిచేసి, మళ్ళీ తిప్పాడు. మూత చప్పుడు పోయింది. పోయిందని చెప్పాను. తలూపాడు గానీ మొహం విప్పారలేదు. నా మాట నమ్మాడు, కానీ మాట వేరు, వినడం వేరు.

అప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, కర్రపిడి పళ్ళ మధ్య బిగించి, కొన ఇంజనుకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. అది వినడమో, పళ్ళకి అదురు తెలియడమో నాకిప్పటికీ తెలియదు. బుగ్గల మీదుగా నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు కూడా.

తరవాత ఇంజను ఆపేశాడు. కొనని లుంగీతో శుభ్రంగా తుడిచి, నా మెడ కింది ఎముకకి ఆనించి, పిడి పళ్ళతో పట్టుకుని, మాట్లాడమన్నట్టు కళ్ళెగరేశాడు.

సిగ్గేసింది. చివరికి, "బువ్వ తిందూగాని రా, మావా," అన్నాను.

కళ్ళతోనే మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాను.

పిడి నోట్లోంచి తీసి నన్ను కొత్తగా చూశాడు. "నీది బొంగురు గొంతే! నాను సన్నగా ఉంటాదనుకున్నాను. ఇన్నాళ్ళూ నువ్వు సేతుల్తో ఏటన్నా, ఆ సన్నగొంతుతోనే అంతన్నావనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మనసులో ఇన్నాళ్ళూ ఎవరో సన్నగొంతుది నా మాటలు చెబుతూ కాపరం చేసిందన్నమాట. ఏదో చెప్దామని చేతులెత్తాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కిందికి దించి, పిడి మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.