మా చేలో షికారు దారులు

కొల్లేటి ఒడ్డున మేం కౌలుకు చేసే పొలాన్ని ఏలూరులో రిటైరైన ఒక ఆఫీసరుగారు కొని పక్షుల కోసం వదిలేశాడు. పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నాకు పెళ్లయింది గాని ఇంకా కాపురానికి వెళ్లలేదు. అందుకని ఆ వైభవమంతా దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

మా నాన్న దాళ్వా వరి పండించిన ఆరెకరాల్లో ఇక దుక్కి లేదు, గడ్డి కోత లేదు, గేదె దిగడానికి లేదు. చేని గట్లే నడకదారులు. వాటి పొడుగునా సున్నం కొట్టిన రాళ్లు. 'దారి విడిచి నడవరాదు' అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ బోర్డులు. ఆదివారం ఆయన స్నేహితులు భీమడోలులో రైలు దిగి బండి కట్టించుకుని వచ్చేవారు. బూట్లు, చేతికర్రలు, మెడలో బైనాక్యులర్లు. గూడబాతును చూసి కొంగ అనేవారు. కొంగను చూసి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పేవారు. పులిహోర తిని, ఆకులు గట్టు మీదే పారేసి వెళ్లిపోయేవారు.

వీళ్లకు కాపలా మా నాన్న. ఖాకీ కోటు ఒకటి ఇచ్చారు. అది తొడుక్కుని, తన చేలో తానే పరాయివాళ్లకు దారి చూపిస్తూ నడిచేవాడు. ఆ కోటు చూస్తే నాకు ఒళ్లు మండేది. అన్నం వడ్డించి లేచి వెళ్లేదాన్ని.

అది చాలక, వానలు వెనకబట్టగానే గట్లన్నిటికీ మట్టి వేసి మెత్తేవాడు.

"వాళ్ల బూట్ల కోసం ఎందుకు నాన్నా ఈ చాకిరీ?" అన్నాను ఒకసారి.

"బూట్ల కోసం కాదమ్మా. పక్షులు రాకపోతే పొలం మళ్లీ నాకే కౌలుకిస్తానన్నారు కదా. ఆ రోజుకి గట్లు ఉండొద్దూ?"

ఆఫీసరుగారు నవ్వులాటకు అన్న మాట పట్టుకుని వేలాడుతున్నాడని నాన్న మీద కూడా నాకు చులకన కలిగింది.

పుష్యమాసంలో ఎవరో పెద్ద అధికారి షికారుకు వస్తున్నాడన్నారు. లోపల నీళ్లు చాలవనీ, కొల్లేటి వైపు గట్టు తెగ్గొట్టమనీ ఆఫీసరుగారి హుకుం. నేను మజ్జిగ తీసుకెళ్లి అక్కడే ఉన్నాను.

"ఇప్పుడు గండి కొడితే నీళ్లు రావండీ, పోతాయండీ. ఈ నెలలో కొల్లేరు దిగిపోతుందండీ" అన్నాడు నాన్న.

"నీకేం తెలుసు? ఎదురుగా అంత నీరు కనబడుతుంటే!" అన్నాడు ఆఫీసరుగారు.

భాద్రపదంలో కొల్లేరు చేలోకి వస్తుందనీ, పుష్యంలో వెనక్కి పోతుందనీ మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన ఎవరినీ అడిగే రకం కాదు.

నాన్న కోటు విప్పి, మడిచి, బోర్డు మీద పెట్టాడు. "ఆ గట్టు నా చేత్తో కొట్టలేనండీ" అని ఇంటికి వచ్చేశాడు.

ఆఫీసరుగారు వేరే మనుషుల చేత కొట్టించాడు. మూడు రోజుల్లో లోపలి నీళ్లన్నీ కొల్లేట్లోకి జారిపోయాయి. బురదలో కొట్టుకుంటున్న చేపల్ని తినేసి పక్షులూ పోయాయి. పెద్ద అధికారి వచ్చి, తెల్లరాళ్ల మధ్య బుద్ధిగా నడిచి, ఎండుతున్న బురదను బైనాక్యులర్లో చూసి వెళ్లాడు.

మర్నాడు ఆఫీసరుగారు మా వాకిట్లో నిలబడ్డాడు. అంతవరకూ మా ఇల్లు ఎక్కడో ఆయనకు తెలియదు.

"ఏవండీ, నీళ్లు మళ్లీ నిలబెట్టే ఉపాయం మీకు తెలుసంటున్నారు ఊళ్లో" అన్నాడు. 'మీరు' అనడం అదే మొదలు.

గండి పూడ్చి, పక్క బోదె కాలువ నీళ్లు మళ్లిస్తే పది రోజుల పని. నాన్నకు తెలుసు. నాకూ తెలుసు. చెబితే పక్షులు వస్తాయి, పొలం ఇక మాకు రాదు. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేని మా నాన్న ఎక్కడ చెప్పేస్తాడోనని నేను గుమ్మంలోకి వచ్చేశాను.

నాన్న ఆయనకు మంచినీళ్లిచ్చాడు. తాగేదాకా ఆగాడు. ఖాళీ చెంబు అందుకుని, ఎంతో మర్యాదగా, "నాకేం తెలుసండీ" అన్నాడు.

ఆ గొంతులో వెటకారం చుక్కైనా లేదు. నేనే లోపలికి పరుగెత్తి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ నెలాఖరుకు పొలం మళ్లీ మా కౌలుకు వచ్చింది. ఆలస్యమైనా దాళ్వా నారు ఊడ్చాం. తెల్లరాళ్లలో మూడింటిని నేను ఇంటికి మోసుకొచ్చి పొయ్యి పెట్టాను.