చచ్చిన చేప కొననన్న మా అమ్మ

మా చిన్నప్పుడు... విశాఖపట్నంలో మా అద్దింటి మెట్ల దగ్గర ఒక పొద్దున పెద్ద లొల్లే అయింది.

చేపలమ్మే పైడమ్మ తలమీది తట్ట దించింది. నిగనిగలాడే వంజరాలు... అమ్మ వంగి ఒకదాన్ని వేలితో పొడిచింది. మళ్ళీ పొడిచింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందమ్మా, ఇది కదుల్తనే లేదు! సచ్చిన చేపను నాకు అంటగడ్తున్నవా?"

పైడమ్మ పగలబడి నవ్వింది. "ఓలమ్మా! సముద్రం సేప ఇంటికొచ్చేదాకా బతుకుద్దేటి? నీతో కబుర్లాడతాదేటి?"

ఎదురింటి అరుగు మీది ఆడవాళ్ళూ నవ్వారు. అమ్మ ముఖం మాడిపోయింది. లోపలికొచ్చి తలుపేసుకుంది.

మా అమ్మ తప్పేం లేదండీ... మాది హైదరాబాద్ పాతబస్తీ. యాకుత్‌పురాలో మాకు చేపంటే కొర్రమీనే. ఆదివారం బాపు వెంట సంచి పట్టుకుని వెళ్తే, నీళ్ళ తొట్టిలో అవి ఎగిరెగిరి పడుతుండేవి. చేపలమ్మే భాయ్ ఒకదాన్ని పైకెత్తి, బతికే ఉందని చూపిస్తూ, "దేఖో బేటీ, జిందా హై!" అనేవాడు. నా గౌను మొత్తం తడిసేది. కదలని చేపను తెస్తే అమ్మ బాపును గడప దాటనిచ్చేది కాదు.

బాపుది కరెంటు పని. విశాఖ పోర్టులో మంచి పని దొరికిందని మమ్మల్ని తీసుకుని వచ్చేశాడు. నాకైతే సముద్రం కనిపిస్తే చాలు, పండగే. అమ్మకు మాత్రం ఆ ఊరు ఒంటికి పట్టలేదు. ఒళ్ళంతా జిగట... ఉప్పు డబ్బాలో నీళ్ళు... అగ్గిపుల్ల గీస్తే వెలగదు, బట్టలు ఆరేస్తే ఆరవు. దుకాణంలో నోరు తెరిస్తే "మీదే ఊరండీ?" అని అడిగేవారు. దాంతో అమ్మ మాట్లాడడమే తగ్గించేసింది. యాకుత్‌పురాలో గల్లీ చివర నిలబడ్డా వినిపించే గొంతు ఆవిడది!

ఆ రోజు అన్నం వడ్డిస్తూ తేల్చేసింది. "పిల్ల పరీక్షలైనంక మేం యాకుత్‌పురకు పోతం. ఈ ఊరు నాతోని కాదు."

బాపు కంచం పక్కకు జరిపాడు. "సరే... మీరు పోండ్రి. నేను ఏదన్న రూముల ఉంట. ఈ పని ఇడిస్తే మళ్ల దొరకది."

బాపు ఒకచోట, మేమొకచోట ఎలా ఉంటాం? దేవుడా, అమ్మకు ఈ ఊరు నచ్చేట్టు చెయ్యి అని రోజూ దండం పెట్టుకునేదాన్ని. చదువు కోసం కూడా అంత గట్టిగా ఎప్పుడూ మొక్కలేదు.

పైడమ్మ మాత్రం మా ఇంటి ముందుకొచ్చేసరికి ఇంకాస్త గట్టిగా అరిచేది. అమ్మ బయటికొచ్చేది కాదు. పప్పు, పచ్చిపులుసు... మళ్ళీ పప్పు. చివరికి ఒకరోజు పైడమ్మ మా మెట్ల మీదే చతికిలబడింది.

"అమ్మా, నవ్వీసినాను గానీ నా మనసులో ఏటీ లేదు. రేపు తెల్లారగట్ల నాతో రా. బతికున్న సేపని సూపించే పూచీ నాది."

అమ్మ తలుపు సందులోంచి విని, లోపలికెళ్ళిపోయింది. కానీ పొద్దున్నే నన్ను లేపి చెప్పులేసుకుంది.

మేం పైడమ్మ వెంట సముద్రం ఒడ్డుకు వెళ్ళేసరికి పడవ ఇసుకలోకి వస్తోంది. వల విప్పారు. అందులో ఒక వంజరం తోక కొట్టింది. అంతే... అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని తడి ఇసుకలో పరుగెత్తింది. "కదుల్తుంది! కదుల్తుంది! గదే నాకియ్యిండ్రి!" పడవవాళ్ళందరూ పని ఆపి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ ఊరొచ్చాక అమ్మ గొంతు మళ్ళీ అంత గట్టిగా వినడం అదే మొదలు. నాకెందుకో ఏడుపొచ్చింది.

ఆ చేపను మా ఇంటి పద్ధతిలో పల్లీలు, నువ్వులు వేయించి నూరి పులుసు పెట్టింది. ఒక గిన్నెలో పైడమ్మకూ పెట్టింది. "సేపల పులుసులో నువ్వులేటి తల్లీ!" అని ముఖం చిట్లిస్తూనే, గిన్నె అడుగు దాకా వేలితో నాకేసింది. మర్నాటికి ఎదురింటివాళ్ళు ఆ నూరే లెక్కేంటో చెప్పమని వచ్చారు. అమ్మ వాళ్ళ అరుగెక్కి కూర్చుని చెప్పింది. వాళ్ళూ పైడమ్మా కలిసి ఆవిడకు మొప్పలెత్తి చేప తాజాదో కాదో చూడడం నేర్పారు.

పరీక్షలయ్యాయి. బాపు టికెట్లు తేవడానికి చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు. బయట అమ్మ, పైడమ్మ బేరంలో ఉన్నారు. "మొప్పలు తెల్లగైనయ్, ఇది నిన్నటిది! నన్ను పాగల్ అనుకుంటున్నవా?" అని అమ్మ... "ఓలమ్మో, దీనికి ఈ ఇద్దె నేర్పి నేను సెడ్డాను!" అని పైడమ్మ...

బాపు గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. అమ్మ చేపల మీంచి చూపు తిప్పకుండానే అంది.

"ఏంది గట్ల చూస్తున్నరు? పోయేటియి ఒక్కటే కాదు... వచ్చేటి టికెట్లు గూడ తెండ్రి."

బాపు చెప్పుల్లేకుండానే వీధి చివరిదాకా వెళ్ళిపోయాడు!

ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాం. ఆటోవాళ్ళతో అమ్మ అచ్చం ఆ ఊరి మనిషిలాగే దెబ్బలాడేది. ఇప్పుడు పైడమ్మ లేదు, అమ్మా లేదు.

నేను పెళ్ళయ్యాక మళ్ళీ యాకుత్‌పురాకే వచ్చేశాను. మా అమ్మాయి ఉద్యోగానికని మొన్న చెన్నై వెళ్ళింది. "వారంలో సెటిలైపోయా మమ్మీ, ఏం ఫికర్ చెయ్యకు" అంది. నిజమే... బియ్యం, కూరలు, కడిగి కోసిన చేపలు, అన్నీ ఫోన్‌లో నొక్కితే తలుపు దగ్గరికొస్తాయట. పక్కింటావిడ పేరేంటే అని అడిగాను. "తెలీదు మమ్మీ... ఎందుకు?" అంది.

ఆ 'ఎందుకు'కు జవాబుగానే ఇదంతా రాశాను. మీరు కొత్తగా వెళ్ళిన ఊళ్ళో మిమ్మల్ని చూసి ముందు నవ్వి, తర్వాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ పేరు ఇక్కడ కింద రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.