గోరిమేడు ముందు ఆగిపోయే వ్యాన్

2022. కోవిడ్ భయం తగ్గి, వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డ ఏడాది. పుదుచ్చేరి కోసపాళయంలో నాదొక చిన్న వ్యాన్ మెకానిక్ షెడ్డు. పాత డీజిల్ బండ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. కొత్త బండ్లకు కంప్యూటర్ తగిలించి చూసే ఓపిక నాకు లేదు, పాతవాటిని చెవి పెట్టి వినే ఓపిక మిగతావాళ్లకు లేదు.

ఆ ఏడాది నన్ను బాగా ఏడిపించింది సరోజక్క వ్యాను. నెల్లితోపులో ఆమె పెళ్లి వంటల కాంట్రాక్టు చేస్తుంది. ఇంట్లో ఇడ్లీలు వేసి అమ్ముకునే మనిషి, సెకండ్ హ్యాండులో ఆ డీజిల్ వ్యాన్ కొన్నాకే కాంచీపురం దాకా ఆర్డర్లు పట్టింది. బండి తనే నడుపుతుంది. భర్త రామదాసన్న మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. పక్క సీట్లో కూర్చుని ఆమె డ్రైవింగుకు వంకలు పెట్టడం ఇప్పుడాయన ఉద్యోగం.

బండికొచ్చిన రోగం విచిత్రమైనది. కాంచీపురం పోయేటప్పుడు ఏ గొడవా ఉండదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, మన ఊరి హద్దయిన గోరిమేడుకు కాస్త ముందు దగ్గి, మూలిగి, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. మర్నాడు నా షెడ్డుకొచ్చేసరికి ఏమీ ఎరగని పెద్దమనిషిలా నిలబడుతుంది. ఫిల్టర్ మార్చాను. ఇంజెక్టర్లు, అంటే డీజిల్‌ను ఇంజన్‌లోకి తుంపర్లుగా చిమ్మే భాగాలు, విప్పి టెస్ట్ చేయించాను. మళ్లీ ఆగింది. అక్క ముందు బంపర్‌కు నిమ్మకాయలు కట్టింది. అవి ఎండిపోయాయి గానీ బండి మారలేదు.

రామదాసన్న విసుగొచ్చి, బండి అమ్మేద్దామని ఎవరినో బేరానికి పిలిచాడు. ఆ మనిషి ఆదివారం వస్తానన్నాడు. ఇన్నాళ్లూ ఖాళీ గిన్నెలతో ఆగింది, రేపు సాంబారుతో ఆగితే ఏం చేస్తామన్నది ఆయన వాదన. అందులో తప్పు లేదు. పెళ్లిలో పంక్తి వేశాక భోజనం రాకపోతే, ఆ వంటవాళ్లను మళ్లీ ఎవరూ పిలవరు. అక్క మాత్రం ఆ బండిని వదులుకోలేకపోయింది. నా షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తంబీ, నిజం చెప్పు. దీన్ని అమ్మేసి పెట్రోల్ బండి తీసుకుంటే నా తలనొప్పి పోతాదా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. పాత డీజిల్ వ్యాను చప్పుడు చేస్తుంది, పొగ వదులుతుంది, చల్లటి పొద్దున బతిమాలించుకుంటుంది. పంపు చెడితే రిపేరు బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఊళ్లోనే మార్కెట్‌కూ, బీచి పక్క వైట్ టౌన్‌కూ మాత్రమే తిరిగేవాళ్లకు అది దండగ. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఇల్లొచ్చేస్తుంది, లోపలంతా మసి పడుతుంది. కానీ బరువేసుకుని దూరం పోవాలంటే దాని లాగుడు వేరు. తక్కువ తాగుతుంది, చూసుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. అక్క పనికి డీజిలే సరి.

"మరి నా బండికి ఏందొచ్చింది?"

తెలియదన్నాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. శనివారం కాంచీపురం ఆర్డరుంటే, నేనూ వస్తానని వెనక గిన్నెల మధ్య ఎక్కి కూర్చున్నాను.

పోయేటప్పుడు అంతా బాగుంది. పెళ్లి భోజనం నాకూ దొరికింది. తిరుగు ప్రయాణంలో తిండివనం దాటాక ముందుకు వంగి చూస్తే డీజిల్ ముల్లు అడుగున పడుకుని ఉంది. ఒక బంకు వెళ్లిపోయింది, తర్వాత ఇంకొకటి. ఇక్కడ డీజిల్ పోయించుకోవా అక్కా అనడిగాను.

"ఈడనా? మనూళ్లో తక్కువకిస్తా ఉంటే తమిళనాట్లో పోయించేదానికి నాకేమన్నా పిచ్చా తంబీ? గోరిమేడు దాకా వస్తాదిలే."

పుదుచ్చేరి వాళ్లెవరినడిగినా ఇదే మాట. హద్దు దాటితే డీజిల్ ధర పెరుగుతుంది. అందుకే బయటికెళ్లినవాళ్లు ట్యాంకు నాకించుకుంటూ వచ్చి గోరిమేడు బంకులో నింపుకుంటారు. నా స్కూటర్ కూడా అంతే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?

ఎప్పటిలాగే గోరిమేడు కనుచూపు మేరలో బండి దగ్గి ఆగింది. నేను రోడ్డు పక్కన దిగి పగలబడి నవ్వాను. నాకేదో అయిందనుకుని రామదాసన్న నీళ్ల బాటిల్ అందించాడు.

మర్నాడు పొద్దున్నే ట్యాంకు దించాను. అడుగున రాగి సంకటిలాంటి నల్లటి మడ్డి. డీజిల్ అడుగంటినప్పుడల్లా ఆ మడ్డి వెళ్లి డీజిల్ పీల్చే పైపు నోటికి అతుక్కుంటుంది, దాంతో పాటు గాలీ దూరుతుంది. బండి ఆగాక పీల్చడం ఆగి మడ్డి జారిపోతుంది, అందుకే మళ్లీ కదిలేది. పైగా ఈ ఇంజన్లలో పంపుకు నూనె కూడా డీజిలే. ట్యాంకు ఎండగట్టి నడిపితే పంపు అరిగిపోతుంది. మడ్డిని బేసిన్‌లో పట్టి రామదాసన్న ముందు పెట్టాను. ఎంతైనా మిషన్ల మధ్య బతికిన మనిషి. వేలితో ముట్టుకుని చూశాడు.

"ఇది ఇంజన్ తప్పు కాదబ్బా. మా ఇంటి తప్పు."

నాకు పండగ చేసుకోవాలనిపించింది. ట్యాంకు కడిగి బిగించి, బ్లీడింగ్ చేశాను. అంటే స్క్రూ వదులుచేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొట్టి, లైన్లో చేరిన గాలిని బయటికి పంపడం. ఇక మీదట వచ్చాక కాదు, పోయే ముందు ట్యాంకు నింపుకోమన్నాను. బేరానికొచ్చిన మనిషికి బండి దొరకలేదు. కానీ సరోజక్క పెట్టిన వడ, కాఫీ రుచి చూసి, మనవడి పుట్టినరోజు భోజనాలు ఆమెకే అప్పజెప్పి వెళ్లాడు.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా నేను బానెట్ ఎత్తే ముందు ఓనర్ని ఒక మాటడుగుతాను, డీజిల్ యాడ పోయిస్తారని. ఊరంతా చేసే తప్పు ఎవరికీ తప్పులా కనబడదు, మెకానిక్కుకు కూడా.

కొన్ని నెలల తర్వాత అక్క వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. పెళ్లివాళ్ల కోసం ఇంకో ఊరికి కూడా తిరగాల్సొచ్చి ముల్లు కిందికి దిగిందట.

"తిండివనంలో పోయించేసినా తంబీ. మా ఆయన నిద్రపోతా ఉన్నాడు. నువ్వు ఎవరికీ చెప్పొద్దు."

ఇన్నాళ్లూ చెప్పలేదు.