నెలకు అయిదు రోజులు

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన సంఘం వాళ్ల బోర్డు ఒకటి ఉంటుంది. బాల్కనీ గోడల మీద బట్టలు ఆరేయకూడదు, డాబా మీద మిరపకాయలు ఎండబోయకూడదు, గుమ్మం బయట చెప్పులు విడవకూడదు, లిఫ్టు ముందు కూర్చుని ముచ్చట్లు పెట్టకూడదు. ఆ చివరిది అచ్చంగా మా అత్తమ్మ కోసం రాసింది. నల్లగొండకు వచ్చిన కొత్తలో ఆమెకు పొద్దుపోక, కింద మెట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను "తిన్నవా బిడ్డా" అని పలకరించేది. పై అంతస్తు వాళ్ల చుట్టాల ముందు అది నామోషీ అయిందట. బోర్డు మీద ఆ వాక్యం రాయించింది ఎవరో కాదు, మా ఆయనే. ఆయన సంఘానికి కార్యదర్శి.

తెలంగాణ వచ్చాక ఆయనకు ప్రమోషన్ మీద ఇక్కడికి బదిలీ అయింది. కేతేపల్లి దగ్గర ఊళ్లో ఉన్న ఇల్లు అమ్మి ఈ ఫ్లాటు కొన్నాం. అత్తమ్మ మగ్గం ఆ ఇంట్లోనే ఉండేది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసిన మనిషి. ఇల్లు అమ్మిన రోజు కంటతడి పెట్టలేదు. "కొడుకు ఇల్లే నా ఇల్లు, యాడుంటేంది" అన్నది.

మా ఇద్దరికీ పెద్దగా పడేది కాదు. నా పప్పుచారులో పులుపు చాలదని ఆమె, ఆమె ఆకూవక్కా ఉమ్ముతుందని నేను, పొద్దస్తమానం ఏదో ఒకటి అనుకునేవాళ్లం. కానీ ఈ ఫ్లాటు ఆమెది కూడా అన్న సంగతిలో నాకెప్పుడూ అనుమానం లేదు.

కరోనా భయం తగ్గిన తర్వాత ఆమె మంచాన పడింది. గుండె, కిడ్నీలు రెండూ పాడయ్యాయి. హైదరాబాద్ దవాఖానలో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. హాల్లో కిటికీ పక్కన మంచం వేశాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"గీ మంచం మీదికెల్లే పోత బిడ్డా. మల్ల నన్ను యాడికీ తిప్పకుండ్రి."

సరేనన్నాను.

ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి చూసి పోయేవాళ్లు. ఒకామె కొబ్బరినీళ్లు తెచ్చేది, ఒకామె జావ కాచి పంపేది. ముద్ద మింగుతుందా, నిద్ర పడుతుందా, మనిషిని గుర్తుపడుతుందా అని వివరంగా అడిగేవాళ్లు. ఎంత మంచివాళ్లో అని మురిసిపోయాను. నా అంత వెర్రిబాగులది ఇంకొకతి ఉండదు.

ఒక సాయంత్రం సంఘం ప్రెసిడెంటు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. పై అంతస్తులో ఉంటాడు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సోఫాలో కూర్చుని చాయ్ తాగి, సంచిలోంచి పంచాంగం తీశాడు.

"ఎల్లుండి నుంచి ధనిష్ఠ పంచకం పడుతుందమ్మా. అయిదు దినాలు. గా దినాలల్ల ఏమన్న అయితే ఇల్లు ఇడిచిపెట్టాలె గదా."

మా వైపు అది అందరికీ తెలిసిన పట్టింపే. ధనిష్ఠ మొదలుకొని ఆ అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి నెలల తరబడి తాళం వేసి, వేరే చోట తలదాచుకుంటారు.

"ఇడిచేది మేము గదా సార్. మీకేంది?" అన్నాను.

"అందరం ఒక్క స్లాబు కింద ఉన్నమమ్మా. మీ గోడ, పక్కోళ్ల గోడ ఒక్కటే. గుడి అయ్యగారిని అడిగితే బిల్డింగంతా ఒక్క ఇల్లు లెక్కనే అన్నడు."

నీళ్ల ట్యాంకు కడిగించాలన్నా, మెట్ల మీద మాడిపోయిన బల్బు మార్చాలన్నా ఎవరి ఇల్లు వాళ్లదే. చావు దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒక్క ఇల్లయి కూర్చుంది.

"యాడికి తీస్కపోవాలె ఆమెను?"

"మీ ఊరికి. అయిదు దినాలేనమ్మా. మల్ల తెచ్చుకోండ్రి. మేమేమన్న వద్దంటున్నమా?"

ఊళ్లో మాకు ఇల్లే లేదు. ఉన్నది పక్క ఊళ్లో ఆమె తమ్ముడి ఇల్లొక్కటే. ఆయన్ని నేనూ మామా అనే పిలుస్తాను. ఆయనా నేత పనివాడే. చిన్న పెంకుటిల్లు, అందులో సగం మగ్గానికే సరిపోతుంది. మా ఆయన ఏమంటాడోనని చూశాను. ఆయన ఆ పంచాంగం అందుకుని, నిజంగా ఎల్లుండేనా కాదా అని పేజీలు తిరగేస్తున్నాడు.

"అయిదు రోజులే గదా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చినవాళ్ల ముందే ఆయన్ని కడిగేశాను. ఇంతలో మంచం మీద నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"లొల్లి పెట్టకు బిడ్డా. పోదాం తియ్యి."

కారులో వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టుకుని తీసుకుపోయాం. అత్తమ్మే తమ్ముణ్ని చూడాలన్నదని అక్కడ చెబుదామని దారి పొడుగునా మా ఆయన నాకు చెబుతూనే ఉన్నాడు. నేను దిగీ దిగగానే అసలు సంగతి చెప్పేశాను. మామ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, అంతా విని, అక్క తల కింద చేయి పెట్టి లేపాడు.

"ఎరుకనే బిడ్డా. మా అక్కనే గదా" అన్నాడు. మగ్గం పక్కనే మంచం వేశాడు.

ఆ అయిదు రోజుల్లో ఆమెకు ఏమీ కాలేదు. తిరిగి తీసుకొస్తే కింద ప్రెసిడెంటు ఎదురొచ్చి, "చూసినవామ్మా, గాలి మారితే ఎంత తేటగయిందో" అన్నాడు. కానీ ఆ నక్షత్రాలు ఒక్కసారి వచ్చి పోయేవి కావు, ప్రతి నెలా వస్తాయి. రెండో నెల ఆయన మేడ దిగి రాలేదు కూడా, మా ఆయనకు ఫోన్ చేశాడు. అత్తమ్మను మళ్లీ కారెక్కించాం. ఆమె నవ్వింది.

"ముట్టు నిలిచి ఎన్నేండ్లాయెనే. మల్ల గిప్పుడు నన్ను నెలనెల బయట కూసోవెడ్తున్నరు."

వయసులో ఉన్నప్పుడు ఆ రోజుల్లో ఆమె వెనక కొట్టంలో ఒంటరిగా కూర్చునేదట. ఇద్దరం కలిసి నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు.

మూడో నెల ఎవరూ అడగలేదు. అడగకముందే ఆమె రెండు చీరలు, ఆకువక్కల సంచి మూట కట్టుకుని మంచం మీద కూర్చుంది.

"ఈసారి పంపియ్య. ఎవరొస్తరో రానీ అత్తమ్మా" అని తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"వాళ్లు చెప్తే పోయేకంటే మనమే పోతే జర ఇజ్జత్ ఉంటది. నా కోసం అందరితోని కొట్లాడితే, నేను పోయినంక గీడ నువ్వెట్ల బతుకుతవు? జరుగు బిడ్డా."

మా ఆయన అప్పటికే కారు గేటు దగ్గర పెట్టి హారన్ కొడుతున్నాడు. జరిగాను.

రెండు రోజులకే పోయింది. కిటికీ పక్క మంచం మీద కాదు, తమ్ముడి మగ్గం పక్కన. ఆ ఊరి అయ్యగారు నక్షత్రం చూసి, ఆరు నెలలు ఆ ఇంటికి తాళం వేయాలన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. గుంటలో పాతుకున్న మగ్గాన్ని ఎత్తుకుపోలేరు కదా. మామ దాని మీద పాత దుప్పటి కప్పి, ఎలుకలు రాకుండా అంచులు దోపి, తాళం వేశాడు. ఊరి చివర ఒక రేకుల షెడ్డులోకి భార్యాభర్తలు గిన్నెలు మోసుకుపోయారు.

"పని ఎట్ల మామా?" అన్నాను.

"ఎవరింట్లనన్న కూలికి నేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఒక్క మాట తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది.

దినాలు చేసుకుని నల్లగొండకు వచ్చాం. ఎదురింటి వాళ్లు అన్నం కూరలు పంపారు. ప్రెసిడెంటు వచ్చి కాసేపు కూర్చుని, పుణ్యాత్మురాలు, ఎవరినీ కష్టపెట్టకుండా పోయిందని చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక మా ఆయన తల్లి మంచం మీద కూర్చుని దుప్పటి మడతపెడుతూ, నాతో అన్నట్టు కాదు, తనలో తాను అన్నట్టు అన్నాడు.

"పోనీలే. ఇల్లు ఇడిచే బాధ తప్పింది మనకు."

అప్పటిదాకా పై అంతస్తు వాళ్లను నోరారా తిట్టుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి తిట్టుకోవడానికి అంత దూరం పోవలసిన పని లేకుండా పోయింది.